ఆకుపచ్చ బాణం లోపల ఏమున్నది?

యాసంగి కోతలు మొదలైన తర్వాత సూర్యాపేట మార్కెట్ యార్డుకు వెళితే ధాన్యం రాశుల మధ్య నడవటానికి దారి దొరకదు. ఖరీదుదారులు రాశి రాశి దగ్గరా ఆగి, గుప్పెడు గింజలు తీసి, నలిపి, తేమ చూసి ధర పలుకుతారు. మిర్యాలగూడలో సన్న ధాన్యం ట్రాక్టర్లు రైస్ మిల్లుల ముందు బారులు తీరుతాయి. కోదాడ దగ్గరి రైతు ట్రాక్టరును ఏ దారి పట్టించాలో, ఏ ఊళ్ళో ఎంత ధర పలుకుతున్నదో కనుక్కొని మరీ నిర్ణయించుకొంటాడు. నిన్న ఎంత? ఈరోజు ఎంత? రేపు పెరుగుతుందా? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉంటుంది. మూడవదానికి ఉండదు. అందరికీ కావలసింది మాత్రం ఆ మూడవదే!

షేర్ మార్కెట్లో కూడా ఇవే మూడు ప్రశ్నలు. షేరు అంటే ఒక కంపెనీలో చిన్న వాటా. మన మఠంపల్లి దగ్గర ఫ్యాక్టరీ ఉన్న సాగర్ సిమెంట్స్, జాన్‌పహాడ్ దగ్గరి డెక్కన్ సిమెంట్స్ వంటి కంపెనీల వాటాలు కూడా రోజూ అమ్ముడవుతూ, కొనుగోలవుతూ ఉంటాయి. యార్డులో ధాన్యానికి లాగే వాటికీ రోజుకొక ధర. పూర్వం ఆ ధరలు మర్నాడు పత్రికలో చూసుకొని, పట్టుదల ఉన్నవారు గ్రాఫు కాగితం మీద గీసుకొనేవారు. హైదరాబాదుకు సొంత స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉండేది. 1943లో ఏర్పడిన ఆ సంస్థ 2007లో గుర్తింపు కోల్పోయింది. 1994లో మొదలైన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కంప్యూటరు తెర మీద వ్యాపారం తెచ్చింది. ఇప్పుడు ఆ తెర అన్నయ్యల జేబులోని ఫోనుకు వచ్చింది.

ఆ ఫోనులో మీరు చూసే ఉంటారు. ఎగుడుదిగుడు గీత, దాని చుట్టూ రంగురంగుల మరికొన్ని గీతలు, అక్కడక్కడ ఆకుపచ్చ బాణం, ఎర్ర బాణం. ఆకుపచ్చది వస్తే కొనాలట, ఎర్రది వస్తే అమ్మాలట. ధర గీత తప్ప మిగిలిన వాటన్నిటినీ ఇండికేటర్లు, అనగా సూచికలు అంటారు. వాటిని ఎవరు తయారు చేస్తారు? ఎవరైనా చేయవచ్చును. తొమ్మిదో తరగతి లెక్కలు వచ్చిన మీరు కూడా చేయవచ్చును. ఒకటి చేసి చూస్తేనే గాని బాణం లోపల ఏమున్నదో తెలియదు.

బియ్యం వర్తకుల కొవ్వొత్తులు

ముందుగా ధర గీత సంగతి. యార్డులో ఒకే రోజు ఒకే ధర ఉండదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అందుకే కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ పట్టికలో ప్రతి మార్కెట్టుకూ కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అని మూడు అంకెలు ఇస్తారు. షేర్ల ఛార్టులో నాలుగు అంకెలు ఉంటాయి: ఆ రోజు మొదటి ధర, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు ధర. ఈ నాలుగింటినీ ఒకే బొమ్మలో చూపటానికి నిలువుగా ఒక లావు కడ్డీ, దానికి పైనా కిందా సన్నని వత్తి గీస్తారు. చూడటానికి కొవ్వొత్తిలా ఉంటుంది. పేరు కూడా అదే. కడ్డీ మొదటి ధర నుంచి ముగింపు ధర దాకా, వత్తులు గరిష్ఠ కనిష్ఠాల దాకా.

తమాషా ఏమిటంటే ఈ పద్ధతి పుట్టింది షేర్ల కోసం కాదు, బియ్యం కోసం! జపానులోని ఒసాకా నగరంలో దోజిమా అనే చోట పెద్ద బియ్యం బజారు ఉండేది. ఇంకా చేతికి రాని బియ్యాన్ని ముందే ధర కట్టి అమ్ముకొనే వ్యాపారానికి అక్కడి ప్రభుత్వం 1730లో అనుమతి ఇచ్చింది. సకాతా పట్టణానికి చెందిన హొమ్మా మునెహిసా అనే బియ్యం వర్తకుడు కొవ్వొత్తుల ఛార్టు కనిపెట్టాడని చాలా పుస్తకాల్లో రాస్తారు. నేటి రూపం ఆయన తర్వాత చాలా కాలానికి గాని రాలేదని మరి కొందరు అంటారు. ఏమైనా మూలం బియ్యం బజారే. మిర్యాలగూడ మిల్లర్లకు ఈ మాట చెబితే సంతోషిస్తారు.

అయిదు రోజుల సగటు

ఇప్పుడు మన సూచిక. క్వింటాలు సన్న ధాన్యం ముగింపు ధర ఎనిమిది రోజుల పాటు ఇలా ఉన్నదనుకొందాం. ఇవి లెక్క కోసం నేను వేసిన అంకెలే సుమా:

2300, 2320, 2290, 2350, 2340, 2360, 2400, 2380.

గీత ఎగుడుదిగుడుగా వస్తుంది. ఒక రోజు ధాన్యంలో తేమ ఎక్కువైనా, ఒక రోజు లారీలు రాకపోయినా ధర కదులుతుంది. ఈ చిన్న కుదుపులను తీసివేసి అసలు పోకడ చూడాలంటే సగటు తీయాలి. మొదటి 5 రోజుల మొత్తం 11600. దానిని 5 చేత భాగిస్తే 2320. ఇది అయిదవ రోజు ఎదురుగా రాయండి. ఆరవ రోజుకు మొదటి రోజు ధర 2300 వదిలివేసి, కొత్త ధర 2360 కలపాలి. మొత్తం 11660, సగటు 2332. ఇలాగే ఏడవ రోజుకు 2348, ఎనిమిదవ రోజుకు 2366. ఈ నాలుగు చుక్కలూ కలిపితే నున్నటి గీత వస్తుంది. రోజు రోజుకూ ముందుకు జరిగే సగటు గనుక దీనిని చలన సగటు అంటారు.

ఈ నునుపు ఉచితంగా రాలేదు. ధర రోజుకు 10 రూపాయల చొప్పున క్రమంగా పెరుగుతున్నదనుకొందాం. అయిదు రోజుల సగటు ఎంత చూపుతుంది? మధ్య రోజు ధర, అంటే రెండు రోజుల కిందటి ధర. ఎప్పుడూ 20 రూపాయలు వెనుకబడే ఉంటుంది. 20 రోజుల సగటు అయితే తొమ్మిదిన్నర రోజులు వెనుక! ఎన్ని రోజులు తీసుకొంటే అందులోంచి 1 తీసివేసి సగం చేస్తే వెనుకబాటు తెలుస్తుంది. గీత నున్నగా కావాలంటే ఆలస్యాన్ని ఒప్పుకోవాలి, ఆలస్యం వద్దంటే కుదుపులను ఒప్పుకోవాలి. ఏ సూచికా ఈ బేరం నుంచి తప్పించుకోలేదు.

యంత్రానికి చెప్పటం

వంద షేర్లకు, వెయ్యి రోజులకు చేతితో సగటులు కట్టలేము గదా. ఆ పని ఛార్టింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ట్రేడింగ్‌వ్యూలో పైన్ అనే భాష, అమిబ్రోకర్‌లో ఏఎఫ్ఎల్ అనే భాష ఇందుకోసమే ఉన్నవి. ఆ భాషలో మనం రాసే ఆజ్ఞల వరుసను స్క్రిప్టు అంటారు. పదాలు ఇంగ్లీషులో ఉంటాయి. పద్ధతి తెలియటం కోసం తెలుగులో రాస్తున్నాను:

రోజులు = 5
మొత్తం = ధర[0] + ధర[1] + ధర[2] + ధర[3] + ధర[4]
సగటు = మొత్తం ÷ రోజులు
గీయి(సగటు)

ధర[0] అంటే ఈరోజు ధర, ధర[1] అంటే నిన్నటిది, ధర[4] అంటే నాలుగు రోజుల కిందటిది. ఈ నాలుగు వరుసలనూ సాఫ్ట్‌వేర్ ఒక్కసారి చేసి ఊరుకోదు. ఛార్టు ఎడమ చివర నుంచి కుడి చివర దాకా ప్రతి రోజు దగ్గరా ఆగి, ఆ రోజునే 'ఈరోజు'గా ఎంచి, మళ్ళీ మొదటి నుంచి లెక్క చేస్తుంది. స్క్రిప్టు రాసేవారు ముందుగా పట్టుకోవలసిన కీలకం ఇదే.

మరి మొదటి రోజున ధర[4] ఎక్కడిది? లేదు. 'లేదు' అన్నదీ 'సున్న' అన్నదీ ఒకటి కాదు. లేని ధరను 0 అనుకొంటే మొదటి రోజు సగటు 2300ను 5 చేత భాగించి 460 అవుతుంది. అయిదవ రోజుకు 2320 అవుతుంది. ధాన్యం ధర నాలుగు రోజుల్లో అయిదింతలు అయినట్టు గీత నిట్టనిలువుగా లేస్తుంది! అందుకే మంచి స్క్రిప్టు మొదటి నాలుగు రోజులూ ఏమీ గీయదు. పరీక్షకు రాని విద్యార్థి పేరు ఎదురుగా సున్న వేయక 'గైర్హాజరు' అని రాస్తాం కదా, అటువంటిదే.

0 నుంచి 100 దాకా

ఇంకొక పేరున్న సూచిక చూద్దాం. 1978లో వెల్స్ వైల్డర్ అనే అమెరికన్ ఇంజనీరు తన పుస్తకంలో దీనిని ప్రకటించాడు. పేరు ఆర్.ఎస్.ఐ. ఇళ్ళల్లో కంప్యూటర్లు లేని రోజులవి గనుక కాగితం మీద కట్టుకోగల లెక్కనే ఆయన ఎంచుకొన్నాడు.

మన ఎనిమిది ధరల మధ్య ఏడు మార్పులున్నాయి: 20 పెరుగుదల, 30 తగ్గుదల, 60 పెరుగుదల, 10 తగ్గుదల, 20 పెరుగుదల, 40 పెరుగుదల, 20 తగ్గుదల. పెరుగుదలలు అన్నీ కలిపితే 140. తగ్గుదలలు అన్నీ కలిపితే 60. మొత్తం కదలిక 200. అందులో పెరుగుదల వాటా నూటికి 70. అంతే, ఆర్.ఎస్.ఐ. 70! అన్ని రోజులూ పెరిగితే 100, అన్ని రోజులూ తగ్గితే 0, రెండూ సమానమైతే 50. వైల్డర్ 14 రోజులు తీసుకొన్నాడు. పైగా ప్రతి రోజూ పాత సగటును 13 రెట్లు చేసి, కొత్త మార్పు కలిపి, 14 చేత భాగించే పద్ధతి పెట్టాడు. మూల భావం మాత్రం మనం కట్టినదే. 70 దాటితే ధర మరీ ఎక్కువ పెరిగిందని, 30 కంటే తగ్గితే మరీ పడిపోయిందని అంటారు. ఈ 70, 30 ప్రకృతి నియమాలు కావు. నీరు 100 డిగ్రీల దగ్గర మరగటం వంటివి కావు. ఒకాయన అనుభవంతో గీసిన హద్దులు.

మన ఊరి ఐకేపీ కేంద్రం ధరలకు ఈ స్క్రిప్టు పెడితే ఏమవుతుందో చెప్పగలరా? అక్కడ మద్దతు ధర. 2025-26లో ఏ గ్రేడు ధాన్యానికి 2389 రూపాయలు, సీజనంతా అదే. పెరుగుదల 0, తగ్గుదల 0. సున్నను సున్న చేత భాగించమని యంత్రాన్ని అడిగినట్టవుతుంది. కాబట్టి 'మొత్తం కదలిక సున్న అయితే 50 అని తీసుకో' వంటి ఒక వరుస స్క్రిప్టులో ముందే రాసి ఉంచాలి.

రేపటి ధరను దొంగిలించే గీత

ఇప్పుడు బాణాల దగ్గరకు వద్దాం. ఫోన్లలో తిరిగే ప్రకటనల్లో పాత ఛార్టు ఒకటి చూపిస్తారు. ధర అట్టడుగున ఉన్న ప్రతి చోటా ఆకుపచ్చ బాణం, శిఖరాన ఉన్న ప్రతి చోటా ఎర్ర బాణం. ఒక్కటీ తప్పదు. ఈ సూచికకు ఇన్ని వేలు చెల్లించండి అంటారు. ఇటువంటి బాణాలు గీసే స్క్రిప్టు ఎంత చిన్నదో చూడండి:

ధర[0] < ధర[1], ధర[0] < ధర[-1] అయితే ఆకుపచ్చ బాణం గీయి
ధర[0] > ధర[1], ధర[0] > ధర[-1] అయితే ఎర్ర బాణం గీయి

ధర[-1] దగ్గర ఆగండి. ధర[1] నిన్నటిది అయితే ధర[-1] ఏమిటి? రేపటిది! పాత ఛార్టులో ప్రతి రోజుకూ 'రేపు' కూడా ముందే రాసి ఉంటుంది గనుక యంత్రం నిస్సంకోచంగా చదివేస్తుంది. అమిబ్రోకర్ ఏఎఫ్ఎల్‌లో ఒక గుర్తు మారిస్తే చాలు, నిన్నటికి బదులు రేపటి ధర వస్తుంది. పైన్ భాషలో ఇలా నేరుగా అడగనివ్వరు. కాని వచ్చిన బాణాన్ని వెనక్కి జరిపి పాత రోజు కింద గీయటానికి వీలున్నది. ఫలితం ఒకటే.

మన ఎనిమిది ధరల మీద వేసి చూద్దాం. మూడవ రోజు 2290. అటు 2320, ఇటు 2350. ఆకుపచ్చ బాణం పడింది. నాలుగవ రోజు 2350 దగ్గర ఎర్ర బాణం. అయిదవ రోజు 2340 దగ్గర మళ్ళీ ఆకుపచ్చ. ఏడవ రోజు 2400 దగ్గర ఎర్రది. బొమ్మ చూసి లెక్క కడితే 2290కి కొని 2350కి అమ్మాం, లాభం 60. 2340కి కొని 2400కి అమ్మాం, మరొక 60. క్వింటాలుకు 120 రూపాయలు!

ఇదే పని యార్డులో నిలబడి, రోజు తర్వాత రోజు చేయండి. (రెండవ రోజున కూడా ఒక ఎర్ర బాణం ఉన్నది, అప్పటికి మన చేతిలో సరుకు లేదు, వదిలేద్దాం.) మూడవ రోజు అట్టడుగు అని మూడవ రోజున తెలియదు. నాలుగవ రోజు ధర పెరిగిన తర్వాతే తెలుస్తుంది. అప్పుడు కొనాలంటే 2350. నాలుగవ రోజు శిఖరమని అయిదవ రోజున తెలుస్తుంది. అప్పుడు అమ్మితే 2340. నష్టం 10. అయిదవ రోజు అడుగు అని ఆరవ రోజున తెలిసి 2360కి కొంటాం, ఏడవ రోజు శిఖరమని ఎనిమిదవ రోజున తెలిసి 2380కి అమ్ముతాం. లాభం 20. రెండూ కలిపి మిగిలింది 10 రూపాయలు. హమాలీకి, కాంటాకు, కమీషనుకు అది ఎటూ చాలదు. ధరలు అవే, బాణాలు అవే. 120కీ 10కీ తేడా అంతా ఆ ఒక్క [-1]లో ఉన్నది.

రేపటిని చదవకుండా కూడా ఇదే మోసం జరిగే దారి ఒకటున్నది. షేర్ల వ్యాపారం ఉదయం 9 గంటల 15 నిమిషాలకు మొదలై మధ్యాహ్నం 3 గంటల 30 నిమిషాలకు ముగుస్తుంది. అప్పటిదాకా 'ఈరోజు ముగింపు ధర' అనేది నిమిషం నిమిషం మారే ధరే. 11 గంటలకు బాణం పడుతుంది, అన్నయ్య కొంటాడు, 2 గంటలకు బాణం మాయమవుతుంది. మర్నాడు చూస్తే ఆ బాణం అక్కడ పడిన గుర్తు కూడా ఉండదు. నిలిచిన బాణాలే పాత ఛార్టులో మిగులుతాయి. అందుకే నిజాయితీ గల స్క్రిప్టులో 'ఆ రోజు వ్యాపారం ముగిసిన తర్వాతే గీయి' అనే షరతు పెడతారు.

స్క్రిప్టు ఎవరిదైనా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ బాణం గీసిన క్షణాన దానికి ఏయే అంకెలు తెలుసు? సమాధానం చెప్పకుండా, స్క్రిప్టు చూపకుండా డబ్బు అడిగేవారిని సైన్సు విద్యార్థి నమ్మవలసిన పని లేదు.

ఇది మాటల్లో తేలిపోయే సంగతి కాదు. షేర్ మార్కెట్‌ను పర్యవేక్షించే సెబి సంస్థ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం ప్రకటించింది. ఫ్యూచర్లు, ఆప్షన్లు అనే ముందస్తు ఒప్పందాల వ్యాపారంలో 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో కోటి మందికి పైగా వ్యక్తులు పాల్గొంటే వారిలో నూటికి 93 మంది నష్టపోయారు. సగటు నష్టం ఒక్కొక్కరికి దాదాపు 2 లక్షల రూపాయలు. 40 మంది ఉన్న తరగతి అనుకోండి; 37 మంది పోగొట్టుకొంటే ముగ్గురికి మిగిలినట్టు. రెండు లక్షలంటే మన వైపు ఇళ్ళల్లో ఎన్ని పంటల మిగులో మీ నాన్నగారిని అడగండి.

నాణెంతో గీసిన ఛార్టు

నిజాయితీగా రాసిన సూచిక అయినా రేపటిని చెప్పగలదా? 1953లో బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞుడు మారిస్ కెండల్ షేర్ల ధరలతో పాటు చికాగో గోధుమ ధరలు, న్యూయార్కు పత్తి ధరలు తీసుకొని పరిశీలించాడు. గత వారం మార్పును బట్టి వచ్చే వారం మార్పును ఊహించటానికి పనికివచ్చే క్రమం దాదాపుగా ఆయనకు కనిపించలేదు. 1959లో షికాగో విశ్వవిద్యాలయపు హ్యారీ రాబర్ట్స్ మరింత చిలిపి పని చేశాడు. యాదృచ్ఛికంగా వచ్చిన అంకెలను కలుపుకొంటూ పోయి ఛార్టు గీశాడు. అది అచ్చం షేర్ల ఛార్టులాగే కనిపించింది!

సగటులు పనికిరావని కాదు. వర్షపాతానికి, నదీ ప్రవాహానికి, జ్వరపు కేసులకు శాస్త్రజ్ఞులు చలన సగటులు రోజూ వాడుతారు. జరిగినదానిని తేటగా చూపటంలో అవి గట్టివి. ధాన్యం ధర కదలటానికి కారణాలు కూడా లేకపోలేదు: సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు ఎప్పుడు వదిలారు, కోతలు అన్ని ఊళ్ళల్లో ఒకేసారి వచ్చాయా, వాన పడి తేమ పెరిగిందా. అయితే అయిదు రోజుల సగటుకు వీటిలో ఒక్కటీ తెలియదు. దానికి తెలిసినది అయిదు అంకెలు.

ఈ ప్రయోగం ఇంట్లో చేయండి. ఒక రూపాయి నాణెం, ఒక గ్రాఫు కాగితం చాలు. 100 దగ్గర మొదలుపెట్టి బొమ్మ పడితే 1 కలపండి, బొరుసు పడితే 1 తీసివేయండి. 60 సార్లు ఎగరవేసి గీత గీయండి. ఇంకో రంగుతో 5 సార్ల చలన సగటు గీయండి. ధర గీత సగటును దాటి పైకి వెళ్ళిన చోట ఆకుపచ్చ బాణం, కిందికి దిగిన చోట ఎర్ర బాణం వేయండి. నాణెం సంగతి చెప్పకుండా పక్కింటి అన్నయ్యకు చూపించి ఇది ఏ షేరో అడగండి.

తర్వాత స్నేహితుని ఛార్టు అడిగి తీసుకొని, మొదటి 20 చుక్కలు మాత్రం కనిపించేలా మిగిలినది అట్టతో కప్పివేయండి. కొంటారో, అమ్ముతారో, ఊరుకొంటారో రాసి ఒక్క చుక్క జరపండి. మళ్ళీ రాయండి, మళ్ళీ జరపండి. చివరికి లాభనష్టాలు కట్టి, నాణెం ఛార్టులో ఎంత వచ్చిందో, అగ్‌మార్క్‌నెట్ పట్టికలోని 60 రోజుల ధాన్యం ధరలతో ఎంత వచ్చిందో పక్కపక్కన వేసి పోల్చండి. నిర్ణయాలు అట్ట జరపక ముందే రాయాలి. పెన్సిలుతో కాదు, పెన్నుతో.